చెరపవద్దని రాసిన క్యాసెట్

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అరవై ఆరేళ్ళకు చదువు మొదలుపెట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికే తొమ్మిది రోజులు పట్టింది.

మా ఆయన రదిసావ్ పోయాక, ఆయన సొరుగులోని క్యాసెట్ల మీద రాసినవి కూడబలుక్కుని చదివేదాన్ని. ఒకదాని మీద ఇలా ఉంది: "విదా కోసం. చెరపవద్దు."

విదా అంటే నేనే. దాన్ని చెరిపిందీ నేనే.

అప్పట్లో ఆయనా, స్నేహితుడు జీవ్కో కలిసి కంప్యూటర్‌ను సొంతంగా, భాగాలు అతికించి తయారుచేసుకున్నారు. ప్రోగ్రాములన్నీ క్యాసెట్లలో ఈలల్లా ఉండేవి. ఇంటినిండా అవే, ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకుని, చెరగకుండా ఆయన విరిచిన క్యాసెట్ మూలకు మళ్ళీ రికార్డయ్యేలా కాగితం అతికించి, మా చెల్లెలి పెళ్ళిలో అందరూ చేతులు పట్టుకుని ఆడే కోలో పాట దానిలో పట్టాను. "నా క్యాసెట్ చూశావా?" అని ఆయన అడిగితే లేదన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. చదవడం వచ్చాక నాకు నిద్ర కరువైంది.

మొన్న శనివారం జీవ్కో అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చాడు.

"ఇదేంటి, సబ్బుపెట్టా?" అన్నాను.

"మన పాత కంప్యూటరే వదినా. దీనిలోని ప్రోగ్రాం అచ్చం దానిలాగే నటిస్తుంది. ఈల వినిపిస్తే చాలు, తానే అదనుకుంటుంది. రదిసావ్ క్యాసెట్లన్నీ ఇందులోకి ఎక్కిద్దాం."

"పోయిన మనిషిలా నటించే పెట్టె లేదా?"

"ఉన్నా నీ తిట్లకు వారంలో పారిపోయేది."

నవ్వాను. ఆ క్యాసెట్ మాత్రం నా ఏప్రన్ జేబులో ఉంది. మిగతావన్నీ ఎక్కాయి. కాఫీ చల్లారిపోయింది. అతను తీగ చుట్టబోతుంటే తీసి బల్ల మీద పెట్టాను.

పైన రాసింది చదివి అతను నా వంక చూశాడు. "నొక్కనా?"

"తెగిపోతే?"

"తెగొచ్చు. నలభై ఏళ్ళ టేపు."

టేప్ రికార్డర్ మీట నొక్కాడు. అకార్డియన్, కేకలు, చప్పట్లు. అతని ముఖంలో నవ్వు పోయింది. కప్పు కింద పెట్టేశాను.

"నేనే జీవ్కో. చదవడం రాక. ఆయనతో అబద్ధం కూడా ఆడాను."

పాట తెగి, చెరగకుండా మిగిలిన ఈల సగం నుంచి మొదలైంది. పెట్టె తెర మీద ఏదో తప్పు చూపించి ఆగిపోయింది.

"అయిపోయిందా?"

"ఆగు వదినా. మేం ఏదీ ఒక్కసారే దాచి ఊరుకునేవాళ్ళం కాదు. వెంటనే రెండోసారి కూడా ఎక్కించేవాళ్ళం. నీ పాట అంతదాకా పోకపోతే..."

ఈల ఆగింది. నిశ్శబ్దం. టేపు కీచుమంటోంది. తర్వాత ఇంకో పాట వస్తుందేమో. ఎన్ని పాటలు పట్టానో నాకు గుర్తులేదు. కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాను.

ఈల వచ్చింది, మొదటి నుంచి. మూడు నిమిషాలు ఇద్దరం ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం.

తెర మీద చిన్న చిన్న చదరాలతో గీసిన పెద్ద అక్షరం. దాని కింద: "విదా, ఇది ఏ అక్షరం? తప్పయినా నేను నవ్వను."

నాకు తెలుసు అది ఏదో. వేలు మాత్రం ఆ అక్షరం మీట దాకా పోలేదు.

"నొక్కు వదినా, అది కరవదు."

"నువ్వు బాల్కనీలోకి వెళ్ళు."

వెళ్ళాడు. నొక్కాను. రెండో అక్షరం వచ్చింది.

విదోసవ, డెబ్బై ఒక్క ఏళ్ళు, ప్రస్తుతం నీష్ నగరంలో, మూడో అంతస్తు.