మూడో బావికి మూడు రోజులు

పెద్దల్లుడు ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. పెద్ద కంపెనీలు తోడుకుని వదిలేసిన చిన్న చమురు బావుల దగ్గరికి వెళ్ళి, ఇంకా తోడితే గిట్టుబాటవుతుందో లేదో తేల్చి చెప్పడం. ఆయన గిట్టదంటే ఆ బావిని సిమెంటుతో పూడ్చేసేవాళ్ళు. అన్ని బావుల జాతకం చెప్పిన మనిషికి, తనకంటూ ఒక్క బావి తీసుకునే ధైర్యం మాత్రం ఏనాడూ చాలలేదు.

ఆ ధైర్యం చిన్నల్లుడు చేశాడు. నిన్నమొన్నటిదాకా పంపుల విడిభాగాలు అమ్ముకున్నవాడు, మూడు పాత బావులు లీజుకు తీసుకున్నాడు. రెండింటిలో చమురు చక్కగా వస్తోంది. దాంతో అత్తవారింట్లో గాలి అటు తిరిగింది. మామగారు పేపర్లో చమురు ధర చూసి, పక్కనే ఉన్న పెద్దల్లుణ్ణి వదిలేసి చిన్నల్లుడికి ఫోన్ చేసి అభిప్రాయం అడిగేవారు. పెద్దల్లుడు పైకి నవ్వేవాడు గానీ లోపల భగ్గుమనేది.

మూడో బావిని పరీక్షించమని చిన్నల్లుడు ఆయన్నే అడిగాడు. బయటివాళ్ళెందుకు, ఇంట్లో ఇంత అనుభవం ఉండగా అన్నాడు.

పరీక్షంటే పంపు నడిపి, గంటకోసారి గాజు గొట్టంలో పట్టి, పైన తేలిన చమురెంతో అడుగున నీళ్ళెన్నో చూడటమే. ఏళ్ళ తరబడి మూతబడ్డ బావి మొదట్లో నీళ్ళే కక్కుతుంది. పది రోజులు తోడితే గానీ దాని అసలు సంగతి బయటపడదు. ఇది పెద్దల్లుడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మూడో రోజు మధ్యాహ్నానికి నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే కనిపించాయి. చాలనుకుని సామాను సర్దేశాడు. గిట్టుబాటు కాదు, పూడ్చేయడం మేలని రాసి సంతకం గీకాడు.

చిన్నల్లుడు వాదిస్తాడనుకున్నాడు. అతను కాగితం పూర్తిగా చదవను కూడా లేదు.

"నువ్వు చూశాక ఇంక నేను చూసేదేముంది అన్నయ్యా," అన్నాడు.

ఒక మనిషిని అంత తేలిగ్గా నమ్మగలిగినందుకు కూడా అతని మీద కుళ్ళు పుట్టింది. వారం రోజులు పెద్దల్లుడికి తిండి సయించలేదు. సిమెంటు వాళ్ళు గురువారం వస్తున్నారని చిన్నల్లుడి భార్య అయిన తన చెల్లెలు చెప్పినట్టు ఆయన భార్య చెప్పింది. "మీరింత తొందరగా ఎప్పుడూ తేల్చరే?" అని కూడా అంది. ఆయన వినిపించుకోనట్టు లేచి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున ఆయన వెళ్ళేసరికి సిమెంటు లారీ రివర్సులో బావికి దగ్గరగా వస్తోంది. చిన్నల్లుణ్ణి పక్కకి పిలిచాడు.

"ఆపించు. పది రోజుల పరీక్ష మూడు రోజులకే ముగించాను. తెలిసే చేశాను."

"ఎందుకు?"

"నిన్ను చూసి ఓర్వలేక."

చిన్నల్లుడు వెళ్ళి లారీని తిప్పి పంపేశాడు.

పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి చిన్నల్లుడు ప్రతి గొట్టం తనే వెలుగులో పట్టి చూశాడు. నీళ్ళు తొంభై నుంచి ఎనభై ఆరుకి దిగాయి, ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయాయి. పదో రోజు గడిచినా అంతే. నిజంగానే గిట్టుబాటు కాదు. బావిని పూడ్చేశారు. తను రాసింది చివరికి నిజమే అయిందన్న సంతోషం పెద్దల్లుడికి ఒక పూట కూడా నిలవలేదు.

తర్వాత రెండిళ్ళ మధ్య రాకపోకలు ఎప్పటిలాగే సాగాయి. చిన్నల్లుడు ఆ మాట ఎక్కడా ఎత్తలేదు, తన భార్యకి కూడా చెప్పలేదు. కొన్నాళ్ళకి అతను నాలుగో బావి తీసుకున్నాడనీ, దాన్ని వేరే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ పరీక్షిస్తోందనీ పెద్దల్లుడికి భార్య చెప్పింది.

"ఎన్ని రోజులు చేస్తోందట?" అని అడిగాడు పెద్దల్లుడు.

"పన్నెండు."

"అన్ని అక్కర్లేదు," అన్నాడు. ముఖం కూడా చూడని ఆ మనిషి మీద ఆయన కడుపు అప్పుడే మండటం మొదలైంది.