పైనుంచి ఏడో మెట్టు

ఎమ్మిగనూరు నుంచి శారదమ్మ రెండుసార్లు కబురు పంపినా వడ్రంగి పీరా సాబ్ ఏదో వంక చెప్పి తప్పించుకున్నాడు. మూడోసారి ఆమే ఆదోనికి వచ్చి కొట్టు ముందు నిలబడింది. ఇక కాదనలేక మర్నాడే ఎమ్మిగనూరు వెళ్లాడు.

పన్నెండేళ్ల కిందట ఆమె భర్త మహానంది పై గదిలోంచి నూలు మూట భుజాన వేసుకుని చెక్కమెట్లు దిగుతూ పడ్డాడు. నడుము విరిగి మూడోనాడు పోయాడు. బరువుకు కాలు జారిందని ఊరంతా అనుకుంది. పీరా సాబ్ మాత్రం అనుకోలేదు.

"ఏడో మెట్టు ఊగుతాండాది సాబన్నా," అంది శారదమ్మ ఇంట్లోకి రానిచ్చి. "మద్దేన్నం పూట పైనుంచి ఎవరో దిగుతాండారు. ఆరు మెట్లు దిగి ఆగిపోతారు. కోడలు భయపడి పుట్టింటికి పోయింది."

పీరా సాబ్ ఏడో పలక ఊడదీశాడు. పలక ఆనే పక్కచెక్కలో గట్టిపడిన రంపపు పొట్టు కనిపించింది. తను కూరిందే. పన్నెండేళ్ల కిందట ఈ మెట్లు బాగుచేయడానికి వచ్చినప్పుడు అక్కడ చెద తినేసిందని చూశాడు. చెక్క మార్చాలంటే రెండు రోజుల పని. వారంలో కూతురి పెళ్లి. పొట్టూ బంకా కలిపి కూరి, పైన రంగేసి వెళ్లిపోయాడు. పెళ్లయ్యాక మారుద్దామనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పెళ్లికి ముందే మహానంది పడ్డాడు.

కుళ్లిన చెక్క చెక్కేస్తుండగా పైమెట్టు కిర్రుమంది. తలెత్తాడు. ఎవరూ లేరు. రెండోది. మూడోది. బరువు మోసే మనిషి అడుగు. ఒక్కో పలకా వంగి లేస్తోంది. తడి నూలు గంజి వాసన ముఖానికి కొట్టింది. ఆరో మెట్టు వంగి, అలాగే ఉండిపోయింది.

"ఆగు మహానందన్నా! ఈడ పలక లేదు," అన్నాడు పీరా సాబ్. "ఆ పొద్దే సెప్పాల్సింది. సెద తినిందని తెలుసు. తెలిసే పొట్టు పెట్టి రంగేసినా."

కింద గ్లాసు చప్పుడైంది. శారదమ్మ టీ పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది.

"బిర్నా దిగిరా, పొద్దుపోతాంది అని ఆ పొద్దు ఈడ నుంచి అరిసింది నేనే," అంది. "నా అరుపుకే పడినాడని పన్నెండేండ్లు ఏడ్సినా. నువ్వు ఆదోనిలో నోరు మూసుకుని కూసున్యావు."

"అమ్మా..."

"పని కానీ." టీ అతని చేతికివ్వకుండా కింద మెట్టు మీద పెట్టి పోయింది.

పక్కచెక్క మార్చి, మెట్లన్నీ ఊడదీసి చూసి, టేకు పలక బిగించేసరికి మూడో రోజు మధ్యాహ్నమైంది. మళ్లీ అడుగులు మొదలయ్యాయి. పీరా సాబ్ గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. ఆరో మెట్టు. ఏడో మెట్టు. ఎనిమిది. కింద శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. అడుగులు నడవ దాటి, గడప దాటి, ఎండలోకి పోయాయి.

ఆమె వీధి వైపే చూస్తూ అంది: "ఇంగ నువ్వూ పో, పీరా సాబ్."