పూత మీద కంప్యూటర్

మామిడి పూత చూసి, ఆ చెట్టుకు ఎన్ని గంపల కాయ దిగుతుందో చెప్పగలడు కుతుబుద్దీన్. శామీర్‌పేట చుట్టుపక్కల తోటలను పూత మీదే గుత్తకు పట్టి ముప్పై ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్నాడు. మనవరాలు ఇఫ్రాకు కంప్యూటర్ కొనాల్సి వచ్చినప్పుడు కూడా దాన్ని ఆ కంటితోనే చూశాడు.

ఇఫ్రా మేడ్చల్‌లో ఇళ్ళ ప్లాన్లు కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుంది. ఒకటో తారీఖుకల్లా ఇంట్లో కంప్యూటర్ ఉంటే పని పంపిస్తానని, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని కొంపల్లి ఇంజనీరు ఒకాయన చెప్పాడు. ఇంకా పది రోజులుంది.

సరిగ్గా అప్పుడే కొత్త రకం కంప్యూటర్లు రాబోతున్నాయని పేపర్లో పడింది. ఇఫ్రా చదివి వినిపించింది.

"ఇప్పటి దాంట్ల ర్యామ్ రెండు జీబీలే, దాదా. వచ్చేదాంట్ల నాలుగు ఉండొచ్చంట. ధర ఇంక జెప్పలే."

"నేన్ జెప్త. ఇప్పుడు ఇర్వై ఆరు వేలు గదా? గది వచ్చినంక ఇర్వై రెండుకు మించదు. రెండు నెలలు ఆగుదాం."

"డబ్బా మొఖం గూడ జూడలే, ధర జెప్తుండు," అంది ఆయన భార్య జహీరా, రొట్టెలు ఒత్తుతూ. "దానికేమన్న పూత వచ్చిందా?"

"పేపర్ల పడ్డది గదా, గదే పూత."

ఇఫ్రా పేపర్ మడిచింది. తాతకు ఎదురు చెప్పే పిల్ల కాదు.

మర్నాడు తాతా మనవరాలూ మేడ్చల్‌లో జనార్ధన్ కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళారు. కుతుబుద్దీన్ జేబులోంచి రెండు వేలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంది చాచా ఇది?"

"బయానా. రాబోయే కంప్యూటర్‌కు. ఇర్వై రెండు వేలకు గుత్త."

జనార్ధన్ నవ్వాపుకోలేకపోయాడు. "రానిదానికి బయానా ఇచ్చెటోన్ని నిన్నే జూస్తున్న. గది ఎప్పుడొస్తదో, ఎంతకొస్తదో నాకే ఎర్కలే." డబ్బు వెనక్కి జరిపాడు. "బిడ్డకు పని ఎప్పుడు షురువు?"

"ఫస్టుకు," అంది ఇఫ్రా మెల్లగా.

"చాచా, తోట గుత్త వట్టినంక రాళ్లవాన వడితే నష్టమెవరిది?"

"నాదే. ఇంకెవరిది?"

"మరి గీ గుత్తల?"

కుతుబుద్దీన్ మనవరాలి వైపు చూశాడు. ఆ పిల్ల గోడకున్న కీబోర్డులను చూస్తోంది. ఆయన లెక్క ఎన్నోసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా పోయింది తన సొమ్మే.

"ఇయ్యాలనే తయార్ జెయ్యి, బేటా," అన్నాడు జనార్ధన్‌తో.

జనార్ధన్ సాయంత్రానికల్లా అన్నీ బిగించి, పక్క రేకు తీసి చూపించాడు. "ఇగో, ఇక్కడ ఒక జాగ ఖాళీ వెట్టిన. ఇంకో రెండు జీబీ కావాల్నంటే ఇందుల వెడితే సరి. డబ్బా మార్చే పనే లేదు."

తోటలో కోసిన తొలి గంప అమ్మకపోవడం కుతుబుద్దీన్ ఆనవాయితీ. ఆ ఏడు మేలు చేసినవాళ్ళకే ఇస్తాడు. మే నెలలో అత్వెల్లి తోట కోతకు రాగానే, ఆ గంప నెత్తిన పెట్టుకుని జనార్ధన్ దుకాణం మెట్లెక్కాడు. అప్పటికి ఇఫ్రా తొమ్మిది ఇళ్ళు గీసింది.

"చాచా, కొత్తది వచ్చింది," అన్నాడు జనార్ధన్, గంప దించుతూ. "నాలుగు జీబీ. నువ్వన్నట్టే ఇర్వై రెండు వేలు!"

కుతుబుద్దీన్ వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాడు.

"ఇంట్ల జెప్పకు, బేటా."

"ఎందుకు? గెలిచినవ్ గదా?"

"గెలిచిన్నని తెలిస్తే వచ్చేసారి గూడ నా మాట ఇంటరు." ఆయన గంపలోంచి బాగా పండిన కాయ ఏరి, జనార్ధన్ చేతిలో పెట్టాడు. "నువ్ బయానా వట్టకపోతివి, మా పిల్ల బతికింది. తిను, నేను జూస్త."