గుండీల పరీక్ష

ఆపరేషను గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ నేను మా అమ్మాయిని మనసులో ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్కలేదు. మత్తు ఎక్కువైపోయిందనుకున్నాను. కోయకూడని నరం కోసేశారనుకున్నాను. కరెంటు పోయి డాక్టరు చీకట్లో కత్తి పట్టుకుని తడుముకుంటున్నాడనుకున్నాను. పక్క కుర్చీలో మా ఆయన కాళ్ళు బారచాపుకుని ఆవలిస్తున్నారు.

"అరచేతి మొదట్లో చిన్న గాటే. చిటికెలో అయిపోతుందని చెప్పారుగా," అన్నారు.

"చిటికెలో అయ్యేదైతే ఇంతసేపెందుకండీ?"

"ఎంతసేపే? నీ చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతోంది."

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎత్తయిన మేడల్లో తాళ్ళకి వేలాడి పనిచేసే మనిషికి భయమంటే ఏం తెలుస్తుంది? ఆయన భయం కూడా నేనే పడుతున్నాను ఇన్నేళ్ళుగా.

అమ్మాయి బయటికి వచ్చింది. ఎడమచేతికి తెల్లటి కట్టు. వెనకాలే వచ్చిన డాక్టరు మాస్కు కిందికి లాగి, "నరం మీద ఒత్తిడి తీసేశాం. నొప్పి పోతుంది. కానీ చాలా ఆలస్యంగా వచ్చారు. వేళ్ళకి స్పర్శ తిరిగొస్తుందేమోగానీ, ఎంత వస్తుందో ఎప్పటికి వస్తుందో నేను చెప్పలేను," అన్నాడు.

ఆ మాటల్ని ముగ్గురం పంచుకున్నాం. నొప్పి పోతుందన్నది మా ఆయన పట్టుకున్నారు. తిరిగొస్తుందన్నది అమ్మాయి పట్టుకుంది. చెప్పలేనన్నది నాకు మిగిలింది.

మా అమ్మాయిది వయొలిన్. ఊళ్ళో పెద్ద హాల్లో కచేరీలు చేసే వాద్యబృందంలో రెండో వరసలో దాని కుర్చీ. ఆ కుర్చీ కోసం ఎంతమందిని దాటుకుని వచ్చిందో నాకు తెలుసు. కుడిచేత్తో కమాను లాగడం చూసి పనంతా దానిదే అనుకుంటారు జనం. స్వరం పుట్టించేది ఎడమచెయ్యి. తీగ మీద వేలు ఎక్కడ ఆనాలో వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం చెడిపోతుంది. ఆ చేతికే బొటనవేలు, పక్కన రెండువేళ్ళు మొద్దుబారిపోతుంటే, కుర్చీ పోతుందేమోనని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. చేతిలోంచి గ్లాసు జారి పగిలినప్పుడల్లా "పరధ్యానం అమ్మా" అనేది. బొటనవేలి కింద కండ కరిగి గుంట పడ్డాక గానీ నా కంటపడలేదు.

కుట్లు విప్పేశాక ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు చేయించే ఆవిడ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. వేళ్ళకి మళ్ళీ నేర్పాలట, పసిపిల్లలకి నేర్పినట్టు. కళ్ళు మూసుకుని రకరకాల చిన్న వస్తువులు వేళ్ళ కొసలతో పట్టుకుని, ఏమిటో చెప్పాలి.

"తప్పు చెబితే తప్పనే చెప్పండమ్మా. అప్పుడు కళ్ళు తెరిచి చూసుకుని, మళ్ళీ మూసి పట్టుకోవాలి. వేలు అలాగే నేర్చుకుంటుంది. అన్నీ సరిగ్గా చెబుతోందంటే వాయించడం మొదలుపెట్టొచ్చు," అంది.

నేను ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. గుండీలకు కొదవేముంది? రెండు బెజ్జాలవి, నాలుగు బెజ్జాలవి, ఇత్తడివి, తోలువి, గుడ్డ చుట్టినవి, అన్నీ ఒక రేకు డబ్బాలో కలిపి మిషను పక్కన పెట్టాను. పొద్దున్నే మంచం మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం.

"తోలుది."

"కాదు తల్లీ, ఇత్తడిది."

"ఇది... నాలుగు బెజ్జాలు."

"తప్పు. గుడ్డ గుండీ."

గుడ్డకీ ఇత్తడికీ తేడా తెలియని వేలికి తీగ ఏం తెలుస్తుంది? నాకొచ్చిన ఆ ఆలోచనే దానికీ వచ్చిందని ముఖం చూస్తే తెలిసిపోయేది.

ఆ వారంలోనే వయొలిన్‌వాళ్ళందరికీ పెద్ద, ముందు కుర్చీలో కూర్చునే ఆయన, పళ్ళ సంచీ పట్టుకుని చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడు. కుట్టుమిషను మీది గుడ్డలు నేను తీసేలోగా తనే పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.

"చూడమ్మా, ఇప్పుడే సెలవు అడిగావంటే వచ్చే ఏడాది దాకా నీ కుర్చీ నీదే. అందాకా ఇంకొకర్ని కూర్చోబెడతాం. లేదు, నెలాఖరుకి వచ్చి వాయిస్తానంటావా, అదీ సరే. కానీ ఆరోజు మేం విన్నదే లెక్క. బాగుంటే కూర్చుంటావు, లేకపోతే కుర్చీ ఖాళీ అయినట్టే. ఏదో ఒకటి తేల్చుకో."

"సెలవే తీసుకుంటుందండీ," అన్నాను నేను.

"అమ్మా, ఆయన అడుగుతున్నది నన్ను," అంది అమ్మాయి. "ఆలోచించి చెబుతాను సార్."

ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడూ అంతే. ప్లేటులో పెట్టింది పెట్టినట్టే ఉండేది. వాళ్ళ నాన్న వచ్చి, "ఏం బుల్లీ, లిఫ్టు మధ్యలో ఆగిందా?" అని వేళాకోళం ఆడితే ఎప్పుడూ నవ్వే పిల్ల కళ్ళు మూసుకుంది. నేను అన్నం కలిపి తీసుకెళ్తే ఆ చేతిని దుప్పటి మీద, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా, కాస్త దూరంగా పెట్టుకుని చూస్తోంది.

"ఇది నాది కాదనిపిస్తోందమ్మా. తీసి పారేసినా ఏడవను."

వంటింట్లోకి వెళ్ళి కత్తులన్నీ మూటకట్టి పిండి డబ్బా వెనక దాచాను. ఆమధ్య డాక్టరు దానికి రాసిచ్చిన నిద్రమాత్రలు నా లంగా మడతల్లో పెట్టాను. సాయంత్రం మా ఆయన కత్తి కోసం ఇల్లంతా వెతికి, "ఇప్పుడు మామిడికాయని పళ్ళతో కోయమంటావా?" అని అరిచినా నేను బయటికి తీయలేదు.

మర్నాడు పొద్దున గుడ్డ గుండీ ఇచ్చాను. చాలాసేపు నలిపి, "ఇత్తడి?" అంది.

"కరెక్టే," అన్నాను.

అనాలని అనుకోలేదు. నోరు అనేసింది. అది కళ్ళు తెరవబోతే గుండీని గుప్పిట్లోకి లాక్కుని ఇంకోటి పెట్టాను. "ఇది?" "రెండు బెజ్జాలు." నాలుగున్నాయి. "కరెక్టే, తల్లీ." ఆ పూట లేచి కూర్చుని భోంచేసింది. తల దువ్వుకుంది. ఇంక నాకు ఆ మాట మానడం ఎలాగో తెలియలేదు. నిజంగా సరిగ్గా చెప్పినవీ ఉన్నాయి కొన్ని. కానీ ఏవి సరైనవో ఏవి నేను చేసినవో నాకే కలగాపులగం అయిపోయింది.

"నాన్నా, ఇవాళ ఒక్కటి తప్పితే అన్నీ చెప్పాను!"

"చూసుకో బుల్లీ, మీ అమ్మ నిన్ను బుజ్జగించడానికి అంటోందేమో."

"అమ్మా? బుజ్జగించడమా?" అది పకపకా నవ్వింది. "తుమ్మితే న్యుమోనియా అనే మనిషి నాన్నా. ఆవిడ నోట మంచిమాట ఊరికే వస్తుందా?"

"అదీ నిజమే. మీ అమ్మ వాన రాదన్నదంటే గొడుగు అమ్మేసుకోవచ్చు."

ఇద్దరూ నవ్వారు. జన్మంతా చెడే శంకించిన నా నోటికి అంత విలువ ఉందని ఆరోజే తెలిసింది. ఆ విలువ చూసుకునే అది ఫోను తీసి ముందు కుర్చీ ఆయనకి చేసింది. "సెలవు వద్దు సార్. వచ్చి వాయిస్తాను." నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పెదాల మధ్య దారం. దారం తీసి ఒక్కమాట అంటే సరిపోయేది. మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనని తీయలేదు.

వాయించడం మొదలుపెట్టింది. పక్కగదిలో మిషను తొక్కుతూ వినేదాన్ని. స్వరం నిలవాల్సిన చోట నిలవక పక్కకి ఒరిగిపోయేది. నాకే వినిపిస్తుంటే దానికి వినిపించదా? మళ్ళీ, మళ్ళీ, అదే ముక్క. అరచేతి మచ్చ కందిపోయేదాకా.

"కాస్త ఆపవే. నరం తెగుతుంది."

"నరం బాగానే ఉందమ్మా. గుండీలు తెలుస్తున్నాయిగా? ఇది ఉత్త తుప్పు. వాయించే కొద్దీ వదులుతుంది."

నెలాఖరున నేనూ వెంట వెళ్ళాను. హాలు వెనక పొడుగాటి వరండా, గోడకి ఆనించిన పెద్దపెద్ద పెట్టెలు, ఒక కుర్చీలో నేను. తలుపు సరిగ్గా పడలేదు, సందులోంచి అంతా వినిపిస్తోంది. వేగంగా వాయించేది ఎలాగో గట్టెక్కింది. తర్వాత ఆయన గొంతు: "ఇప్పుడు నెమ్మదిగా ఉండే ముక్క వాయించు. తొందరేం లేదు."

నెమ్మదిగా వాయిస్తే దాక్కోవడానికి చోటుండదు. మొదటి స్వరం కిందికి జారింది. వెతుక్కుంది. దాటిపోయింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. వయొలిన్ పెట్టె కొక్కాలు టక్కుమని పడటం వినిపించింది.

ముందు కుర్చీ ఆయన బయటికి వచ్చి, నన్ను చూసి నేలవైపు చూశాడు. "సెలవు తీసుకుని ఉండాల్సిందమ్మా. నేను చెప్పాను కూడా."

"ఇప్పుడు తీసుకోకూడదా బాబూ? ఒక్క ఏడాది..."

"ఇంక నా చేతుల్లో లేదు," అన్నాడు. మనిషి నిజంగానే బాధపడ్డాడు. దాంతో నాకేం ఒరిగింది?

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. వయొలిన్ పెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి పెట్టుకుంది. కిటికీవైపు తిరిగి కూర్చుంది.

"తీగ ఎక్కడుందో నా వేలికి తెలియలేదమ్మా. ఉందో లేదో కూడా తెలియలేదు." నావైపు తిరిగింది. "గుండీలు మాత్రం ఎలా తెలిశాయి?"

నేను కొంగు సర్దుకున్నాను. నన్ను చూస్తూనే ఉంది. ముఖంలో ముందు అర్థం కాకపోవడం ఉంది, తర్వాత అది పోయింది.

"ఎన్నిటికి కరెక్టన్నావు?"

"నువ్వు తిండి మానేశావు తల్లీ. కత్తులన్నీ దాచుకున్నాను నేను. ఏం చేసుకుంటావోనని..."

"ఎన్నిటికమ్మా?"

"సగానికి పైనే."

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ముందు సీట్లో పెద్దావిడ టిక్కెట్టు కిందపడితే వంగి తీసి ఇచ్చింది, కుడిచేత్తో. మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"నిజం చెప్పుంటే సెలవు తీసుకునేదాన్ని," అంది. గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

"తెలుసు."

"ఇప్పుడు చెప్పు. తిరిగొస్తుందా నాకు?"

రాదని అనడం నాకు అలవాటు. వస్తుందని అనడం ఈమధ్య నేర్చుకున్నాను. రెండూ నోటిదాకా వచ్చాయి, రెండింటినీ మింగేశాను.

"నాకు తెలియదే."

తల ఊపింది. "రేపటినుంచి నాన్న చేయిస్తాడు," అంది.

"ఆయనకంత ఓపికెక్కడిది? రెండు గుండీలకే లేచిపోతారు."

"తప్పుని తప్పనడానికి ఓపికెందుకమ్మా," అని పెట్టె పట్టుకుని లేచింది. మా స్టాపు ఇంకా రాలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి నాకు వీపు పెట్టి నిలబడింది. బస్సు కుదుపుకి పడుతుందేమోనని నేను సీటు అంచుకి జరిగి, దాన్నే చూస్తూ కూర్చున్నాను.