కొత్త కన్వర్టర్‌కు దిష్టి

కార్వాన్‌లో మా అక్క నాగమణమ్మ ఇంటికి వచ్చిన ఏ వస్తువైనా ముందు పసుపు పూయించుకుని, ఆ తరువాతే పనిలో చేరుతుంది. ఫ్రిజ్ పూయించుకుంది, ఇన్వర్టర్ పూయించుకుంది. పాల బండి కన్వర్టర్‌కు మాత్రం మినహాయింపు దొరుకుతుందని ఆశించడం, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన నా అజ్ఞానమే.

బండి ఆమె కొడుకు వైకుంఠానిది. పెట్రోలుతో నడిచే చిన్న పికప్. మైలేజీ పెరుగుతుందని ఎవరో చెబితే, పోయిన ఏడాది పాత కన్వర్టర్ లోపలి జాలీని తనే పీకించేశాడు. ఇంజన్ వదిలే విషవాయువులకు విరుగుడు ఆ జాలీయే. మైలేజీ పెరగలేదు, బండి మాత్రం పొగ పరీక్షలో తప్పింది. ఇంతలో వాళ్ల పాలలో సగం కొనే పత్తర్‌గట్టి మిఠాయి దుకాణం సేఠు, పొల్యూషన్ సర్టిఫికెట్ లేని బండిని బుధవారం నుంచి తన వాకిట్లో ఆపనివ్వనన్నాడు. వైకుంఠం రాకపోతే పాలు పోయడానికి మరో డెయిరీ సిద్ధంగా ఉంది.

కంపెనీ సామాను ఇప్పట్లో రాదన్నారు. మెకానిక్ నందు బయటి తయారీ హెడర్, కన్వర్టర్ తెప్పించాడు. ఇంజన్ నుంచి నాలుగు గొట్టాలు దిగి ఒక్కటయ్యే భాగం హెడర్. దాని వెనుక కన్వర్టర్. పొద్దున్నే తుప్పు బోల్టులకు నూనె పోసి నానబెట్టాడు. పాతవి ఊడదీసి, కొత్త గాస్కెట్ పెట్టి, సెన్సర్‌ను దాని చోట బిగించేసరికి ఎండ వాలింది.

"ఇగ స్టార్ట్ చేసి జరసేపు ఉంచుతనమ్మా. లీకేజీ చూస్కోవాలె, గొట్టాలు కాలాలె," అన్నాడు నందు.

"మంగళారం, రాహుకాలం. గిప్పుడు స్టార్ట్ చేస్తవా? కాళ్లు మొక్కుత, తాళంచెవి ముట్టకు," అంది అక్క.

రాహుకాలం కదిలేదాకా ఇంజన్ చల్లగా నిద్రపోయింది. ఆ ఖాళీలో ఆమె బానెట్ ఎత్తించి, నువ్వులనూనెలో కలిపిన పసుపును నాలుగు గొట్టాలకూ దట్టంగా పట్టించి, కుంకుమ బొట్లు పెట్టింది.

"అక్కా, గది ఎర్రగ కాలే ఇనుము. పసుపు మాడుతది, పొగొస్తది," అన్నాను.

"రానియ్యి తమ్మీ. దిష్టి పోతుంటె పొగ రాదా ఏంది?"

నేను చేతిరుమాలు వెతుక్కున్నాను.

పొల్యూషన్ వ్యాను పురానాపూల్ దారిలో, నందు షెడ్డుకు రెండు గల్లీల అవతలే ఆగి ఉంది. చీకటి పడితే వెళ్లిపోతుంది. కాబట్టి గొట్టాలు వేడెక్కినా, వెనుక కన్వర్టర్ కాలకముందే మేము అక్కడికి చేరాం. బానెట్ సందుల్లోంచి మాత్రం పోపు మాడిన వాసనతో పొగ లేస్తోంది. వ్యానులో పరీక్ష చేసే రాహుల్ ముక్కు మూసుకుని, సైలెన్సర్ గొట్టంలో తన కడ్డీ దూర్చి, తెర వైపు చూశాడు.

"ఫెయిల్ అన్నా."

"కొత్త సామాను భాయ్! పొద్దుగాల నుంచి గిదే పని!" అన్నాడు వైకుంఠం.

"మిషన్‌కేం తెలుసన్నా కొత్తదా పాతదా?"

నేను దిగాను. "బాబూ, కన్వర్టర్ చల్లగున్నప్పుడు పని చెయ్యదు. ఇంజన్ జరసేపు రేసు మీదుంచి మళ్లొకసారి చూడు."

"మీరు చెప్పింది కరెక్టే సార్. గని ఎనక లైన్ చూడుండ్రి. పక్కకు తీసిన్రంటే ఆఖర్ల రావాలె. అప్పటికి నేను బంద్ చేస్త."

నేను ప్లాటినం పూత గురించీ, రసాయన చర్యకు కావలసిన ఉష్ణోగ్రత గురించీ మొదలుపెట్టాను. వెనుక ట్రాలీ డ్రైవర్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

"ఓ చాచా! పాఠం ఇంటికాడ చెప్పుకో! బండి తియ్యి!"

"ఎంతసేపు ఈ లొల్లి?" అన్నాడు ఇంకొకడు.

వైకుంఠం గేరు మీద చెయ్యి వేశాడు. అప్పుడు అక్క దిగింది. కొంగు ముడిలోంచి నిమ్మకాయ, కర్పూరం తీసింది.

"ఎవని కన్నో గట్టిగ తాకింది. బండి కదిలియ్యకురా, దిష్టి తీస్త."

హారన్లు ఆగిపోయాయి. రాహుల్ రెండడుగులు వెనక్కి జరిగాడు. ట్రాలీ డ్రైవర్ చేతులు కట్టుకున్నాడు. నా ప్లాటినానికి దక్కని మర్యాద ఒక నిమ్మకాయకు దక్కింది.

"ఇంజన్ బంద్ చెయ్," అందామె కొడుకుతో.

ఇంజన్ ఆగితే కన్వర్టర్ మళ్లీ చల్లబడుతుంది. జీవితమంతా పాటించిన నియమాలను ఒక్కసారి తలచుకుని, పక్కన పెట్టాను.

"వద్దక్కా! బంద్ చేస్తే దిష్టి ఎట్ల పోతది? గొట్టంల నుంచే గద బయటికి పోవాలె! వైకుంఠం, రేసు పెట్టు!"

ఆమె నన్ను అనుమానంగా చూసింది. తరువాత ఆమె ముఖం వెలిగిపోయింది. "గిన్నేండ్లకు మా తమ్మునికి బుద్ధొచ్చింది!"

ఇంజన్ గర్జించింది. అక్క బండి చుట్టూ తిరగసాగింది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె నడక నిదానం. అందుకు నేను సంతోషించడం అదే మొదటిసారి. మూడు చుట్లయ్యాయి. ఆమె కర్పూరం వెలిగించబోయింది.

"ఇంత పెద్ద బండికి మూడే సాలుతయా అక్కా?"

"నిజమే తమ్మీ," అని మళ్లీ నడిచింది. పసుపు పూర్తిగా మాడి, పొగ పలచబడి, చివరకు లేకుండా పోయింది. "చూసిన్రా? పోయింది!" అంది జనంతో. ఒకరిద్దరు దండం పెట్టారు.

నిమ్మకాయ టైరు కింద నలిగింది. రాహుల్ మళ్లీ కడ్డీ దూర్చాడు. తెర చూసి, కళ్లు నులుముకుని, మరోసారి చూశాడు.

"పాస్ అన్నా! గింత మంచిగ ఈయాల ఏ బండికీ రాలె!"

వైకుంఠం సర్టిఫికెట్ ఫొటో తీసి అక్కడికక్కడే సేఠుకు పంపి, ఫోన్ చేశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సేఠ్. తెల్లారేటాలకు పాలు మీ వాకిట్లుంటయి." ఫోన్ పెట్టేసి తల్లి కాళ్లకు మొక్కాడు. మేనమామనైన నేనూ పక్కనే ఉన్నానని ఆ క్షణంలో అతనికి తోచలేదు.

ట్రాలీ డ్రైవర్ నా దగ్గరకు వచ్చాడు. ఇందాకటి గొంతు కాదు.

"చాచా, అమ్మ మొత్తం ఎన్ని చుట్లు తిరిగింది?"

ఉష్ణోగ్రత గురించి చెప్పడానికి నోరు తెరిచాను. అతని వెనుక వరుసనూ, వాలిపోతున్న పొద్దునూ చూశాను.

"చుట్ల లెక్క కాదు బాబూ," అన్నాను. "ఇంజన్ రేసు మీదుండాలె. గొట్టం మంచిగ కాలేదాక తిరగాలె."

అతను భక్తితో తల ఊపి, చెప్పులు విప్పి, క్యాబిన్‌లో ఉన్న మనిషికి రేసు పెట్టమని సైగ చేశాడు.