ఆరో నంబరు గది

ఆ పొద్దున నేను బడి గేటు దాటేసరికి ఆరో నంబరు గది బెంచీలు బయట దుమ్ములో పడి ఉన్నాయి. వాటి పక్కన పదో తరగతి పిల్లలు నలభై ముగ్గురూ సంచులు భుజాన వేసుకుని నిలబడ్డారు. గదిలోకి చెక్కపెట్టెలు పోతున్నాయి. పిల్లలు బయట, పెట్టెలు లోపల. ఎవరికీ సిగ్గనిపించలేదు, నాకు కూడా.

అది 1971 జనవరి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది మా బడి. రోడ్డు వైపు మేడ, అందులో ఇంగ్లీషు మీడియం. వెనక రేకుల షెడ్డు, అందులో తెలుగు మీడియం. నాంపల్లిలో ఏటా జనవరిలో పెట్టే పెద్ద ఎగ్జిబిషన్, నుమాయిష్, మొదలైంది. అక్కడి దుకాణాలకు సరుకు చేరవేసే కాంట్రాక్టరు రామచందర్‌కు గోదాము కావలసి వచ్చింది. మా కరస్పాండెంటు విద్యాసాగర్ ఫిబ్రవరి నడిమి దాకా మా గదిని అతనికి కిరాయికి ఇచ్చేశాడు. మార్చిలో బోర్డు పరీక్ష. పాఠాలు సగం మిగిలే ఉన్నాయి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతబడి ఈ పిల్లలకు అప్పటికే ఒక ఏడాది పోయింది. వాళ్ళలో సౌభాగ్య అనే పిల్ల సంగతైతే నాకు బాగా తెలుసు. ఈసారి పరీక్ష తప్పితే బడి మాన్పిస్తామని వాళ్ళమ్మ ముందే చెప్పేసింది.

హెడ్మాస్టరు సదాశివ దగ్గరికి పోయాను.

"వరండాల కూసోబెట్టి చెప్పు సార్. నలభై రోజులే గద, ఫికర్ చెయ్యకు," అన్నాడాయన.

"ముందటి మేడల గది ఎందుకియ్యలేదు సార్?"

"ఆ పిల్లల తండ్రులొచ్చి అడుగుతరు. వీళ్ళ తండ్రులు అడుగుతరా?"

నేను బయటికి వచ్చేశాను. నేను లెక్కల మాష్టారిని, అదీ టెంపరరీ. టెంపరరీ వాడి ధైర్యం కూడా టెంపరరీయే.

తిరిగి వచ్చేసరికి సౌభాగ్య ఒక హమాలీ దారికి అడ్డంగా నిలబడి ఉంది. అతని తలమీద గదిలో మిగిలిన చివరి బెంచీ ఉంది.

"నాయినా, గా బెంచీ నాది," అంది.

అతను గట్టయ్య, సౌభాగ్య తండ్రి, స్టేషన్ గూడ్సుషెడ్డులో హమాలీ జట్టుకు పెద్ద. దేవరకొండ దిక్కు నుంచి కరువుకు వచ్చినవాడు. రోజూ రోడ్డు మీంచి ఆ మేడను చూసి, తన బిడ్డ అందులోనే చదువుతోందని జట్టులో అందరికీ చెప్పుకునేవాడు. గేటు లోపలికి రావడం అదే మొదటిసారి.

"నీదేంది బిడ్డా? నువ్వు సదివేది ముందటి మేడల గద?"

"కాదు నాయినా. గీడ్నే, గీ రేకుల కిందనే."

గట్టయ్య బెంచీ దించాడు. షెడ్డు వంక చూశాడు, మేడ వంక చూశాడు. వెదురు బొంగులకు తాళ్ళతో కట్టిన పెద్ద పెట్టె ఒకటి గడప ముందు దించి ఉంది. లోపల ఇనుప యంత్రాలు. ఆరుగురు మోస్తే తప్ప లేవదు. వెనక వైపు బొంగుకు భుజం పట్టేది గట్టయ్య. తన చోటికి పోయి భుజం పెట్టాడు, పెట్టె గడప సగం దాటింది, అక్కడ ఆగిపోయాడు.

"దించుర్రి," అన్నాడు.

పెట్టె దభీమని తలుపు నడుమ కూలబడింది. సగం లోపల, సగం బయట.

"ఏందే నీ లొల్లి?" జట్టులోని రాజమల్లు అరిచాడు. "నీ బిడ్డ సదువు కోసం మా పొట్ట కొడ్తవా?"

"నా బిడ్డ ఒక్కతేనా? నీ చిన్నోడు యాడ సదువుతున్నడు? పక్క గది గాదుర? రేపు గా గది కూడా కావాలంటరు. గప్పుడు సుత నువ్వే మోస్తవా?"

రాజమల్లు తుండుగుడ్డ దులిపి పెట్టెకు అవతల కూర్చున్నాడు. ఇంకొకడు కూర్చున్నాడు. చివరికి ఆరుగురూ కూర్చున్నారు.

హమాలీలకు ఒక కట్టుబాటుంది. తగాదాపడి ఒక జట్టు దించిన సరుకును ఇంకో జట్టు ముట్టదు. రామచందర్ ఆ మధ్యాహ్నం గౌలిగూడ నుంచి ఒక జట్టును పిలిపించాడు. వాళ్ళు పెట్టెను చూసి, "ఎవ్వరు దించిన్రు?" అని అడిగారు. చెప్పగానే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. అఫ్జల్‌గంజ్ జట్టు నీళ్ళు కూడా అడగలేదు. రామచందర్ తన గుమాస్తాలతో తోయించాడు. పెట్టె అంగుళం కదిలింది, ఒక గుమాస్తాకు నడుం పట్టింది.

పిల్లలకు ఇంకేం కావాలి? పెట్టె మీంచి దూకి గదిలోకి పోయారు. అప్పటికే లోపల చేరిన పెట్టెలను గోడవారకు నెట్టి, బెంచీలు ఒక్కొక్కటే అందించుకున్నారు. నేను గడప అవతలే నిలబడ్డాను.

"సార్, మీరు చెప్తరా, చెప్పరా? చెప్పకుంటే మేమే సదువుకుంటం," అంది సౌభాగ్య.

నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టె ఎక్కి దూకాను. ప్యాంటు చిరిగింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే రేఖాగణితం మొదలుపెట్టాను.

మూడు రోజులు అలా సాగింది. నాలుగో రోజు పోలీసులు వచ్చి, సరుకు పాడుచేశాడని గట్టయ్యను గది ముందే పట్టుకుపోయారు. సౌభాగ్య పుస్తకం మూసింది. క్లాసు మొత్తం లేచింది. స్టేషన్ రోడ్డు మీదుగా ఠాణా దాకా నడిచాం. దారిలో గూడ్సుషెడ్డు హమాలీలు కలిశారు, తల్లులు కలిశారు. డబుల్ డెక్కర్ బస్సు మా వెనకాల నత్తనడక నడిచింది. డ్రైవరు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.

ఠాణాలోకి నన్నూ సౌభాగ్యనూ మాత్రమే రానిచ్చారు. లోపల ఎస్సై బల్ల మీద ఒక కాగితం పెట్టి ఉంది. గట్టయ్య బొటనవేలికి అప్పటికే సిరా పూశారు.

"ఏం లేదు, ఊకె విడుదల కాగితం. ఏలుముద్ర ఏసి ఇంటికి పో," అంటున్నాడు ఎస్సై.

"ఆగు నాయినా, నేను సదువుత," అంది సౌభాగ్య.

ఎస్సై నవ్వాడు. "ఇంగ్లీషుల ఉన్నది. తెలుగు మీడియం దానివి, నీకేమొస్తది? సదువు, సూస్తం."

ఆ పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఒక్కో మాట గట్టిగా పలికి కిటికీలోంచి బయటికి వేసింది. బయటి నలభై ఇద్దరూ అర్థం అందుకున్నారు. "ఐ షల్..." "నేను చేస్త అని!" "మై మెన్..." "నా మనుషులు!" "కీప్ ది క్రేట్..." "పెట్టె గదిల పెడ్తరు అని!" ఎవరికీ రానిచోట వాదులాడుకున్నారు. నాకు అన్నీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. అది వాళ్ళ పాఠం.

చివరి వాక్యంలో 'విత్‌డ్రా' దగ్గర అందరూ ఆగిపోయారు. వెనక వరసవాడొకడు చిరిగిన డిక్షనరీ తిప్పి అరిచాడు, "వెనుకకు తీసుకొనుట!"

సౌభాగ్య ఆ వాక్యం మళ్ళీ లోలోపల చదువుకుంది. మొహం పాలిపోయింది. ఆ ఒక్క వాక్యం దాచేస్తే వాళ్ళ నాన్న వేలుముద్ర వేసి ఇంటికొస్తాడు. అది ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు.

"నాయినా, నన్ను బడి మాన్పిస్తనని నువ్వు ఒప్పుకున్నట్టు రాసిన్రు," అంది.

గట్టయ్య తన వేలి వంక చూసుకున్నాడు.

"గిట్లాంటి కాగితాల మీద ఎన్నిసార్లు ఒత్తిన్నో బిడ్డా. ఏం రాసున్నదో ఇంతవరకు ఒక్కడు చెప్పలే." సిరా వేలు ఠాణా గోడకు బరబరా రుద్దాడు. "ఎయ్య. ఏం జేసుకుంటరో చేసుకోర్రి."

ఎస్సై లేచి చెంప మీద కొట్టాడు. లాకప్ తలుపు పడింది. బయటి నుంచి రాజమల్లు గొంతు వినిపించింది. మొన్న పొట్ట కొడుతున్నావని అరిచిన రాజమల్లే.

"గట్టయ్య ఇడిసేదాక టేషన్ల ఒక్క మూట లేవొద్దు!"

లేవలేదు. ఆ సాయంత్రం వ్యాగన్లు నిండుగా నిలబడిపోయాయి. గౌలిగూడ ఆగింది, అఫ్జల్‌గంజ్ ఆగింది. నుమాయిష్‌కు పోవలసిన సరుకు లారీల్లోనే ఉండిపోయింది. రాత్రికి నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు సదాశివ కబురు పంపాడు.

మర్నాడు పొద్దున, గట్టయ్య ఇంకా లాకప్‌లో ఉండగానే, బడికి పోయాను. గడపలో పెట్టె అలాగే ఉంది. లోపల పిల్లల మధ్య హమాలీలు ఇరుక్కుని కూర్చున్నారు. గోడ వెంట తల్లులు. రాజమల్లు భార్య వీరమ్మ చేయెత్తింది, పిల్లలు ఎత్తినట్టే.

"సార్, మాకు సుత కాగితం సదువుడు నేర్పుర్రి."

నేను పెట్టె దాటి లోపలికి పోయి చాక్‌పీసు అందుకున్నాను. గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగిన చప్పుడైంది. బూట్లు దిగాయి. సౌభాగ్య వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. గదిలో ఒక్కరూ లేవలేదు. నాకు భయం వేసింది, అబద్ధం ఎందుకు? చాక్‌పీసు మాత్రం కింద పెట్టలేదు.