ఆదివారం డ్యూటీ

మంజులతకు అనుమానం మొదలైంది భర్త చొక్కాకు అంటుకున్న పట్టుపోగుతో.

చంద్రమోహన్ మిలిటరీ నుంచి వచ్చి రెండేళ్లయింది. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పని. ఆదివారం కూడా డ్యూటీ ఉందంటూ పెనుకొండలో పొద్దున్నే ఇల్లు వదిలేవాడు. ఫ్యాక్టరీలో పట్టుపోగు ఎక్కడిది? ఆమె అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు.

ఆ వారంలోనే హిందూపురం మార్కెట్లో అతనితో పనిచేసే సంజీవప్ప కనిపించాడు.

"ఆదివారం కూడా వదలరా అన్నా మీవాళ్లు?" అని మాటవరసకు కదిపింది.

"ఆదివారం మాకు లీవే కదమ్మా!"

మంజులత చింతపండు బేరం సగంలో వదిలేసి బస్సెక్కింది.

ఆ ఆదివారం కొంగు ముఖానికి చుట్టుకుని, అతనెక్కిన రైల్లోనే వెనక పెట్టె ఎక్కింది. ధర్మవరంలో దిగిన చంద్రమోహన్ ఎవరినీ దారి అడగకుండా మగ్గాల వీధిలోకి మళ్లి, ఒక ఇంట్లోకి వంగి దూరాడు.

"వస్తివా? ఏమన్నా తింటివా?" లోపల్నుంచి ఆడగొంతు.

మంజులతకు ఒళ్లు మండింది. తలుపు తోసుకుని వెళ్లింది.

మగ్గం ముందు కూర్చున్నది అరవై దాటిన మనిషి. చంద్రమోహన్ కింద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుదారం చుడుతున్నాడు. గోడ మీద యూనిఫాంలో ఒక కుర్రవాడి ఫోటో, దానికి దండ.

"ఈయమ్మ సుబ్బమ్మ. నాతో పనిచేసి చనిపోయిన వేణుగోపాల్ వాళ్లమ్మ" అన్నాడు తలెత్తకుండా.

మంజులత కోపం దిగింది కానీ అనుమానం దిగలేదు. "దీనికి నాతో అబద్ధమెందుకు? ఇంకేమో ఉండాది."

సుబ్బమ్మ మగ్గం ఆపింది. "నాకూ అదే అనుమానం పాపా. దోస్తీ కోసం రెండేండ్లు ఎవురొస్తారు? నా మొగం ఒక్కతూరన్నా చూడడు."

రాట్నం ఆగిపోయింది.

"ఆ దినం పహరా నాదమ్మా" అన్నాడు చంద్రమోహన్. "బార్డర్ అవతల్నుంచి రెండు దినాలుగా షెల్లులు పడతాండాయి. భయమై, జరమని అబద్ధం చెప్పినా. వేణు నా బదులు పోయినాడు. గంటకే..."

సుబ్బమ్మ గోడ మీది ఫోటో వైపు తిరిగింది. "మావోడు పోతా పోతా ఏమన్నాడు?"

"పండుకోప్పా, నేను చూసుకుంటా అన్నాడు. తన కంబళి కూడా నా మీద కప్పి పోయినాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "పో. ఇంగ ఈడికి రావద్దు" అంది.

తర్వాత మూడు ఆదివారాలు చంద్రమోహన్ స్నానం చేసి, బట్టలు వేసుకుని, గడప మీద కూర్చుండిపోయాడు. పిలిచినా అన్నానికి లేవలేదు. నాలుగో ఆదివారం మంజులత ఒక్కతే ధర్మవరం వెళ్లింది.

సుబ్బమ్మ తలుపు తీసి, ఆమె వెనక వీధిలోకి చూసింది. "ఆయప్ప రాలేదా?"

"నువ్వే రావద్దంటివి కదమ్మా."

"అంటి. కోపం ఇంకా ఉండాది. తొందరగా పోయేది కాదు" అంది సుబ్బమ్మ. "అయినా రమ్మను. మావోడి ఆఖరి మాట విన్నోడు ఆయప్పొక్కడే."

మంజులత వీధిలోకి వచ్చి ఫోన్ తీసింది.